పటంలో ఖాళీగా మిగిలిన చోటు

కథనీ, కవితనీ, సినిమానీ, పాఠ్యపుస్తకాన్నీ జెండర్ దృష్టితో చదవడం మనకి ఇప్పుడు కొత్త కాదు. వంటల పుస్తకాల్నీ, పెళ్లి ప్రకటనల్నీ కూడా మనవాళ్లు వదల్లేదు. పటాన్ని మాత్రం ఇంకా భూగోళం టీచరుకీ, సర్వేయరుకీ వదిలేశాం. పటం ఉన్నది ఉన్నట్టు చెబుతుందని ఒక నమ్మకం. దానికీ ఒక రచయిత ఉంటారని, ఆ రచయిత ఎక్కడో ఒకచోట నిలబడే చూస్తారని, కొన్నిటిని రాసి కొన్నిటిని రాయకుండా వదిలేస్తారని మనకి గుర్తురాదు. పటాలు బడి గోడలకి వేలాడినంతకాలం దీనివల్ల పెద్ద ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు పటం జేబులోకి వచ్చింది (మన బట్టలకి జేబులెక్కడివి, హ్యాండ్‌బ్యాగులోకి అనుకుందాం). అది మనకి దారి చూపించడమే కాకుండా మనం ఎలా బతుకుతున్నామో కూడా రాసిపెట్టుకుంటోంది. మనుషుల జీవితాల్లోని క్రమాన్ని బయటపెట్టే శక్తి దానికుందని పరిశోధకులూ, ప్రభుత్వాలూ, కంపెనీలూ అంటున్నాయి. నిజమే, ఉంది. ఏ మనుషులు, ఏ క్రమం అన్నదే నా ప్రశ్న.

ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. 2020 ఏప్రిల్‌లో గూగుల్ సంస్థ 'కమ్యూనిటీ మొబిలిటీ రిపోర్ట్స్' అనే పేరుతో దేశదేశాల నివేదికలు విడుదల చేయడం మొదలుపెట్టింది. 2022 అక్టోబర్ దాకా ఆ లెక్కలు వచ్చాయి. కోవిడ్ రోజుల్లో జనం ఎంత కదులుతున్నారో ఫోన్లు చెప్పిన లెక్క అది. ఫోనులో 'లొకేషన్ హిస్టరీ' ఆన్ చేసుకున్నవాళ్ల సమాచారాన్ని పేర్లు తీసేసి పోగుచేశారు. 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 వరకూ ఉన్న ఐదు వారాల్ని మామూలు రోజులుగా తీసుకుని మిగతా రోజుల్ని వాటితో పోల్చారు. చోట్లని ఆరు రకాలుగా విడగొట్టారు: కిరాణా, మందుల షాపులు, పార్కులు, బస్సు, రైలు స్టేషన్లు, ఇతర దుకాణాలూ వినోదమూ, పనిచేసే చోట్లు, నివాసాలు.

పనిచేసే చోటు వేరు, నివాసం వేరు. ఈ విభజన ఎంత సహజంగా కనిపిస్తుందో చూడండి. పైగా మొదటి ఐదు చోట్ల ఎంతమంది వచ్చారని లెక్కపెట్టారు. నివాసం దగ్గరకొచ్చేసరికి మనుషుల్ని కాకుండా ఎంతసేపు ఉన్నారన్నది లెక్కపెట్టారు. సాంకేతికంగా దీనికి కారణం ఉంది, కాదనను. కానీ ఒక పాఠ్యంగా చదివితే నాకు ఇలా వినిపిస్తుంది: మిగతా చోట్లకి మనిషి ఏదో ఒక పనిమీద వెళ్తుంది, ఇంట్లో మాత్రం ఊరికే ఉంటుంది.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఒళ్లో చాట పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా బీడీలు చుట్టే స్త్రీని ఈ పటం ఎక్కడ పెడుతుంది? ఆమె కార్ఖానా ఆమె గడపలోనే ఉంది. ఆకు తడపడం, కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం, మధ్యలో అన్నం వార్చడం, పిల్లాడిని బడినుంచి తీసుకురావడం అన్నీ ఆ రెండు గదుల్లోనే, ఆ నాలుగు సందుల్లోనే. ఆమె చేతిలో ఫోనుందనుకున్నా పటానికి ఆమె 'నివాసం'. వెయ్యి బీడీలు చుట్టిన రోజూ నివాసమే, జ్వరంతో పడుకున్న రోజూ నివాసమే. లాక్‌డౌన్ పెట్టాక ఈ దేశపు గ్రాఫులో పనిచేసే చోట్ల గీత కిందికి పడిపోయింది, నివాసాల గీత పైకి లేచింది. ఆ లేచిన గీతని చూసి జనం క్షేమంగా ఇళ్లలో ఉన్నారని అధికారులు ఊపిరి పీల్చుకున్నారు. అవే నెలల్లో జాతీయ మహిళా కమిషన్‌కి గృహహింస ఫిర్యాదులు పెరిగాయి. రెండూ ఒకే ఇళ్ల గురించిన సమాచారం. ఒకటి పటంలోకి వచ్చింది, ఒకటి రాలేదు.

ఆ నివేదికల ఉద్దేశం వేరు అని ఎవరైనా అనొచ్చు. గుంపులు ఎక్కడ చేరుతున్నాయో ఆరోగ్య శాఖలకి తెలియడం కోసం చేశారు, ఆ పని చేశాయి కూడా. నా తగాదా ఆ ఒక్క నివేదికతో కాదు. ఫోన్ల సమాచారంతో మనుషుల కదలికల్ని అధ్యయనం చేసే శాస్త్రమంతా దాదాపు ఇదే వ్యాకరణంతో నడుస్తుంది. రాత్రిపూట ఫోను ఎక్కువగా ఎక్కడుంటే అది ఇల్లు. పనిదినాల్లో పగలు ఎక్కువగా ఎక్కడుంటే అది ఆఫీసు. ఈ రెండు చుక్కల మధ్య గీతే జీవితం. రెండు చుక్కలూ ఒకచోటే పడ్డవాళ్లు పెద్దగా ఆసక్తి కలిగించని మనుషులు. వాళ్లు ఎంతమంది?

2019లో మన దేశంలో జరిగిన కాలవినియోగ సర్వేని తీసుకుని ఐఐటీ ఢిల్లీకి చెందిన రాహుల్ గోయెల్ ఒక పరిశోధన చేశారు. పట్టణాల్లో సర్వే జరిగిన రోజున ఒక్కసారి కూడా ఇల్లు దాటి బయటికి వెళ్లని స్త్రీలు 53 శాతం. మగవాళ్లు 14 శాతం. పట్టణాల సంగతి ఇది, మనం స్వేచ్ఛ అనుకునే చోటి సంగతి. అదే సర్వేలో ఇంటి చాకిరీ చేసినవాళ్లలో స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇంకోవైపు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. అంటే పటంలో కదిలే చుక్క కావాలంటే ముందు ఫోను ఉండాలి, ఆ తర్వాత గడప దాటాలి. ఈ రెండూ లేనివాళ్ల మీదుగా ఆ చుక్కలు ఎగురుకుంటూ వెళ్లిపోతాయి.

ఈ 53 శాతం అన్న అంకె ఏ ఉపగ్రహం నుంచీ రాలేదన్నది గమనించాలి. సర్వేవాళ్లు ఇళ్లకి వెళ్లి నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి ఏమేం చేశారని అడిగితే వచ్చింది.

ఇక కదిలిన స్త్రీల సంగతి. మన దేశంలో వలస అనగానే మూట నెత్తిన పెట్టుకుని రైలెక్కే మగమనిషి బొమ్మ కళ్లముందుకొస్తుంది. లెక్కల్లో చూస్తే పుట్టిన ఊరు వదిలినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. 2020-21 పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో వలస వెళ్లిన స్త్రీలలో 86.8 శాతం మంది చెప్పిన కారణం పెళ్లి. ఈ దేశపటం మీద ఈ ప్రయాణాలన్నీ ఒక్కసారిగా గీసి చూపిస్తే అంతకన్నా దట్టమైన అల్లిక ఇంకోటి ఉండదు. అన్నీ చిన్న గీతలే, పక్క ఊరికో పక్క మండలానికో. ఒక్కొక్క గీత మీదా ఒక స్త్రీ తన పేరు, స్నేహాలు, చెరువుగట్టు, చింతచెట్టు వదిలేసి వెళ్లింది. ఆ తర్వాత కాన్పుకి వెనక్కి, పండక్కి వెనక్కి, దెబ్బలు తిని వెనక్కి, సర్దిచెబితే మళ్లీ ముందుకి. గీత మాత్రం ఒకటే.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ మీలో చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన గృహిణి ఆ పేరు వెతుక్కుంటూ పుట్టింటికి బయల్దేరుతుంది. అక్కడ చిన్ననాటి స్నేహితురాలు శారదా అని పిలిస్తే ఆమెకి తన పేరు దొరుకుతుంది. ఆ ప్రయాణాన్ని ఫోను పటం ఎలా రాసుకునేదో ఊహించండి. ఇంటినుంచి బస్టాండు, బస్టాండు నుంచి పుట్టిల్లు, కొద్ది గంటలో రోజులో ఆగడం, మళ్లీ వెనక్కి. సంక్రాంతికి వెళ్లొచ్చిన గీతకీ దీనికీ రవ్వంత తేడా ఉండదు. ఒక మనిషి మొత్తం జీవితాన్ని మార్చేసిన ప్రయాణం ఒక మామూలు ప్రయాణంలో కలిసిపోతుంది. కథ చేయగలిగిన పని పటం చేయలేదని సరిపెట్టుకుని మన సాహిత్యం గూట్లోకి మనం వెళ్లిపోవచ్చు. కానీ స్త్రీలు పటాన్ని అంత తేలిగ్గా వదల్లేదు. ఆ చరిత్ర మన పత్రికల్లో పెద్దగా రాలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితులు చికాగోలో వలస కార్మికుల పేటలో హల్ హౌస్ అనే ఇల్లు తెరిచారు. చదువుకున్న స్త్రీలు ఆ పేటలోనే ఉంటూ అక్కడి జనంతో కలిసి పనిచేయడం దాని పద్ధతి. 1891 చివర్లో ఫ్లోరెన్స్ కెల్లీ ముగ్గురు పిల్లల్ని వెంటపెట్టుకుని ఆ తలుపు తట్టింది. కొట్టే మొగుణ్ణి న్యూయార్క్‌లో వదిలేసి వచ్చింది. ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద ఏంగెల్స్ రాసిన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది ఈమే. 1893లో అమెరికా ప్రభుత్వం పెద్ద నగరాల మురికివాడల మీద సర్వే చేయిస్తే చికాగో పని కెల్లీ చేతికొచ్చింది. ఇంటింటికీ తిరిగి పోగుచేసిన ఆ సమాచారంతో హల్ హౌస్ వాళ్లు రంగురంగుల పటాలు వేసి, వ్యాసాలు జతచేసి 1895లో 'హల్ హౌస్ మ్యాప్స్ అండ్ పేపర్స్' అనే పుస్తకంగా తెచ్చారు. మూడోవంతు చదరపు మైలు కూడా పూర్తిగా లేని నేల. అందులో 18 జాతీయతల మనుషులు.

లండన్‌లో చార్లెస్ బూత్ అప్పటికే పేదరికం పటాలు వేశాడు. వీళ్లకి మాదిరి అదే. కానీ బూత్ ఒక వీధి మొత్తానికి ఒక రంగు వేస్తే వీళ్లు ఒక్కొక్క ఇంటి స్థలానికీ రంగులు వేశారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ వీధి చివర నిలబడి చూసేవాళ్లకీ గుమ్మంలో కూర్చుని మాట్లాడినవాళ్లకీ ఉన్న తేడా అది. పటాల గురించి వివరణ రాసిన ఆగ్నెస్ సింక్లెయిర్ హోల్‌బ్రూక్ కూలి లెక్క ఎలా కట్టారో చెబుతుంది. ఒక్కొక్కరికీ పని దొరకని వారాలు ఎన్నో తీసేసి, మిగిలిన వారాల కూలిని ఏడాది మొత్తానికి పరిచి సగటు కట్టారు. ప్రతి మగవాడూ తన కుటుంబాన్ని పోషిస్తాడనేది ఆ పేటలో వట్టి మాట అని ఆమె కుండబద్దలు కొట్టింది. భార్యలూ పిల్లలూ చేసే పనితోనే ఆ ఇళ్లు నడుస్తున్నాయని లెక్క చెప్పింది. 1895లో!

అయినా ఆ పటాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే నాకు రెండు చోట్ల మనసు చివుక్కుమంటుంది. మొదటిది, జాతీయతల పటంలో లెక్క మనిషిది, కూలి పటంలో లెక్క కుటుంబానిది. భర్త కూలి, భార్య కూలి, పన్నెండేళ్ల పిల్ల కూలి అన్నీ కలిపి ఒక రంగుగా మారాయి. ఎవరు ఎంత తెచ్చారో, తెచ్చినదాని మీద ఎవరికి పెత్తనమో ఆ రంగులో కనిపించదు. హోల్‌బ్రూక్ మాటల్లో ఉన్న స్త్రీ ఆమె పటంలోకి వచ్చేసరికి కుటుంబంలో కరిగిపోయింది.

రెండోది ఇంకా కష్టమైనది. ఆ కూలి పటంలో వేశ్యాగృహాలకి విడిగా ఒక గుర్తు ఉంది. అన్ని ఇళ్లకీ ఆదాయాన్ని బట్టి రంగు ఉంటే ఆ ఇళ్లకి మాత్రం ఆదాయం లేదు, తెల్లగా వదిలేశారు. వాళ్ల ఆదాయాన్ని కూడా అదే పద్ధతిలో కట్టి శ్రామిక జనంతో కలిపేస్తే న్యాయంగా ఉండదని హోల్‌బ్రూక్ వివరణ. శ్రామిక కుటుంబాల గౌరవం కాపాడాలన్న తపన అందులో ఉంది, అర్థమవుతుంది. కానీ ఒక స్త్రీ పని పని కాదని, ఆమె డబ్బు కూలి కాదని తేల్చిన గీత అది, అదీ స్త్రీల చేతులతో గీసింది. పటాన్ని స్త్రీలు గీస్తే చాలు అన్ని ఖాళీలూ నిండిపోతాయనుకునేవాళ్లకి ఈ తెల్లరంగు చూపించాలనిపిస్తుంది నాకు. మన దగ్గర దళిత స్త్రీలు స్త్రీవాదాన్ని నిలదీసిన సందర్భం కూడా ఇలాంటిదే కదా. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' అటువంటి తెల్లరంగు మీదే వేసిన ప్రశ్న.

ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే మనుషుల రోజువారీ కదలికని గీతగా గీసే పద్ధతికి ఒక తాత్విక పునాది వేసినవాడు స్వీడన్‌కి చెందిన టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్. ప్రాంతాల శాస్త్రంలో మనుషులేరీ అని 1970లో ఆయన వేసిన ప్రశ్న చాలామందిని కదిలించింది. ఆయన చెప్పింది స్థూలంగా ఇది. ఒక మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి సమయం పడుతుంది. పొద్దున తొమ్మిదికి ఇక్కడ ఉండాలి, సాయంత్రం ఐదుకి అక్కడ ఉండాలి అంటే ఆ మధ్యలో ఆమె చేరగలిగిన ప్రపంచం ఎంతో లెక్కకట్టొచ్చు. కింద నేల, పైకి కాలం. పొద్దున్నుంచి రాత్రికి మనిషి బతుకు ఒక తీగలా పైకి అల్లుకుంటూ పోతుంది. మనకి తెలియని సంగతేం కాదు. కుక్కరు మూడో కూత కూసేలోపు మూలమీద కొట్టుకి వెళ్లిరాగలమా లేదా అని లెక్క వేసుకోని ఆడది ఎవరు?

స్త్రీవాద భూగోళ శాస్త్రవేత్త గిలియన్ రోజ్ 1993లో దీన్ని గట్టిగానే విమర్శించింది. ఈ తీగకి ఒళ్లు లేదు, రంగు లేదు, భయం లేదు అంది. ఎవరు నడిచినా స్థలం ఒకేలా దారిస్తుందని ఈ సిద్ధాంతం అనుకుంటోంది, అది మగవాడి అనుభవం అంది. ఆ విమర్శ తర్వాత చాలామంది స్త్రీవాదులు కంప్యూటర్ పటాల్నే పక్కన పెట్టేశారు. జీఐఎస్ అంటే సైన్యానిది, మార్కెట్‌ది, ఎక్కడా నిలబడకుండానే అంతా చూసేస్తున్నట్టు నటించే చూపు అది అనుకున్నారు.

హాంకాంగ్‌లో పుట్టి అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మే-పో క్వాన్ మాత్రం అలా వదిలేయడానికి ఒప్పుకోలేదు. నాకు ఆమె పని అంటే ఇష్టం, ఎందుకో చెబుతాను. 1990లలో కొలంబస్ నగరం ఉన్న కౌంటీలో స్త్రీపురుషుల చేత దినచర్య డైరీలు రాయించి, ఆ తీగల్ని కంప్యూటర్‌లో నిలబెట్టింది. అప్పటిదాకా పరిశోధకులు ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరాన్ని కొలిచి అవకాశాల్ని అంచనా వేసేవారు. ఆ కొలతలో ఆడా మగా ఒకేలా కనిపించిన చోట కూడా, రోజులో వాళ్లు నిజంగా చేరగలిగే చోట్లని లెక్కిస్తే స్త్రీలవి తక్కువగా తేలాయి. కారణం పగటిపూట కదపడానికి వీల్లేని పనులు. పిల్లని ఫలానా టైముకి తీసుకురావాలి, ఫలానా టైముకి ఇంట్లో ఉండాలి. ఉద్యోగం పూర్తికాలమైనా సగంకాలమైనా ఈ మేకులు స్త్రీల రోజులోనే ఎక్కువగా దిగబడి ఉన్నాయి. దూరం అన్న మాట వెనకాల దాక్కున్న జెండర్‌ని పటమే బయటపెట్టింది. ఇక్కడ పటం కథకన్నా బాగా చేసిన పని ఉందని ఒప్పుకోవాలి. ఒక స్త్రీ అలసటని కథ చెబుతుంది. పదుల మంది అలసట ఒకే ఆకారంలో ఉందని చూపించాలంటే వాళ్ల తీగలన్నీ పక్కపక్కన నిలబెట్టాల్సిందే.

2002లో ఆమె స్త్రీవాద దృష్టితో పటాలు వేయడం గురించి ఒక సిద్ధాంత వ్యాసం రాసింది. పరికరంలో పితృస్వామ్యం సహజంగా ఉండిపోలేదని, దాన్ని వాడే పద్ధతిలో ఉందని, అంకెలతో పాటు మాటల్నీ జ్ఞాపకాల్నీ కూడా అందులోకి తేవచ్చని ఆమె వాదన. ఆ వాదనకి ప్రాణం వచ్చింది తర్వాత చేసిన పనిలో. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొలంబస్‌లోని ముస్లిం స్త్రీల జీవితం ఎలా మారిందో తెలుసుకోవడానికి డైరీలతో పాటు వాళ్ల మౌఖిక కథనాలు సేకరించింది. 2008లో అచ్చయిన ఆ వ్యాసంలో ఒక స్త్రీ తను మామూలుగా తిరిగే దారుల గురించి మాట్లాడుతుంటే ఆ మాటల్ని బట్టి నగరం పటమే రంగు మారుతుంది. దాడికి ముందు మామూలుగా నడిచిన చోట్లు భయం రంగు పూసుకుంటాయి. వీధి అదే, దూరం అదే. తలమీద గుడ్డ కట్టుకున్న మనిషికి మాత్రం అది వేరే నగరం.

నాకు ఇందులో ఒక సందేహం ఉంది. భయానికి రంగు వేయగానే భయం ఆ వీధి గుణమైపోదా? కొన్నాళ్లకి ఆ రంగుని చూసి ఆ స్త్రీనే ఇంట్లో కూర్చోమనరా? క్వాన్ ఆ స్త్రీ గొంతుని రంగు నుంచి విడిపోనివ్వలేదు కాబట్టి ఆ వ్యాసం నిలబడింది. మిగతావాళ్లకి ఆ ఓపిక ఉంటుందా అంటే అనుమానమే.

ఇంత సాంకేతికత అక్కర్లేని పటం ఒకటి మన నేలమీదే ఉంది. 1980ల చివర్లో, 90లలో పల్లెల్లో పనిచేసే సంస్థలు జనం చేతే ఊరి పటం వేయించే పద్ధతి మొదలుపెట్టాయి. కాగితం, పెన్సిలు చూసి వెనక్కి తగ్గిన స్త్రీలు ముగ్గుపిండి చేతికిస్తే నేలమీద ఊరినంతా పరిచేవారు. దేశంలో చాలాచోట్ల ఇది జరిగింది. 90ల మొదట్లో మెదక్ జిల్లాలో ఒక ఊళ్లో అలాంటి పటం వేస్తుండగా నేనూ పక్కన కూర్చున్నాను. అంతకు ముందురోజు మగవాళ్లు వేసిన పటంలో రోడ్డు, గుడి, బడి, పంచాయతీ ఆఫీసు, ఎవరి పొలం ఎక్కడ అన్నవి ఉన్నాయి. స్త్రీలు ముందుగా బోరింగు పెట్టారు, తర్వాత కట్టెలు దొరికే గుట్ట, చీకటితో లేచి బయటికెళ్లే తుప్పలు, కల్లు దుకాణం. మాదిగవాడనుంచి వచ్చిన ఒక అవ్వ వాడనుంచి పెద్దబావికి దారి గీస్తూ తిన్నగా పోయే దారి వదిలేసి ఊరి వెనకనుంచి వంకర గీత లాగింది.

"అవ్వా, దారి ఇటుంది కదా" అన్నాను.

"తోవ ఉన్నది బిడ్డా. గడి ముంగట్నుంచి పోతే చెప్పులు ఇడువాలె, నెత్తి ఒంచాలె. గందుకే మేం గిట్ల పోతం" అంది, పిండి దులుపుకుంటూ.

ఆ వంకర గీత గురించి అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఉపగ్రహం ఆ అవ్వ నడకని పట్టుకుని ఉంటే ఆమె రోజూ దగ్గరి దారి వదిలి దూరపు దారి పడుతోందని రాసుకునేది. ఎందుకో దానికి తెలియదు. మగవాళ్ల పటంలో అయితే ఆ వంకర దారే లేదు. ఆమె చేతితో గీసినప్పుడే గడి, చెప్పులు, ఆత్మగౌరవం అన్నీ ఒక గీతలోకి వచ్చాయి. ఆ గీత పక్కన ఆమె కూర్చుని ఉంది కాబట్టి నేను అడగగలిగాను, ఆమె చెప్పగలిగింది. సాయంత్రానికి సంస్థవాళ్లు ఆ పటాన్ని చార్టు మీదకి ఎక్కించుకున్నారు. చార్టులో వంకర గీత ఉంది, అవ్వ మాట లేదు. చార్టు ఆఫీసుకి వెళ్లిపోయింది. ముగ్గు కోళ్లు తొక్కేశాయి.

పటంలోకి రావడం మంచిదేనా అనే ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. 2017 చివర్లో స్ట్రావా అనే వ్యాయామం యాప్ తన వాడకందార్లు పరుగెత్తిన దారులన్నీ వెలుగు గీతలుగా చూపిస్తే 2018లో ఎడారుల మధ్య రహస్యంగా ఉన్న సైనిక స్థావరాలు బయటపడ్డాయి. ప్రపంచం గగ్గోలు పెట్టింది. ఒక మనిషి రోజూ ఎక్కడ తిరుగుతుందో ఇంకొకరికి తెలియడంలో ఎంత ప్రమాదముందో సైన్యాలకి ఆ ఏడాది తెలిసింది. మనకి చాలా ముందే తెలుసు. స్త్రీల భద్రత పేరుతో ఇప్పుడు వచ్చే సాంకేతికతలో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. ఒకటి 2013లో మొదలైన సేఫ్టీపిన్ లాంటిది. ఒక వీధిలో దీపాలున్నాయా, కాలిబాట ఉందా, ఆడవాళ్లు కనిపిస్తున్నారా, అక్కడ నిలబడితే ఎలా అనిపిస్తోంది అని స్త్రీలే చూసి గుర్తులు పెడతారు. తూకం వేయబడేది వీధి. జాగోరి లాంటి సంఘాలు ఢిల్లీలో నడిచి చేసిన ఆడిట్ల వారసత్వం అందులో ఉంది. రెండో ధోరణిలో తూకం వేయబడేది స్త్రీ. నువ్వెక్కడున్నావో చెప్పు, చెబుతూనే ఉండు. పోలీసు యాప్ అయితే ఆపదలో మనం నొక్కితేనే చెబుతుంది. ఇంట్లోవాళ్ల కోసం పెట్టిన లైవ్ లొకేషన్ ఆపద లేనప్పుడు కూడా చెబుతుంది. అసలు దాని పనే అది.

2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి మీద రాసిన 'వై లాయిటర్?' పుస్తకంలో స్త్రీకి ఏ పనీ లేకుండా బజార్లో తిరిగే హక్కు కావాలన్నారు. భద్రతకి బదులుగా ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు అడిగారు. ఏ నావిగేషన్ పటమైనా మనల్ని మొదట అడిగేది ఎక్కడికి అని. తండ్రీ, మొగుడూ, వార్డెనూ అడిగేదీ అదే. ఎక్కడికీ కాదు, ఊరికే అనే జవాబుకి ఆ పెట్టెలో చోటు లేదు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి సంగతి. వాళ్ల నాన్న ఆమె ఫోనులో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలన్న షరతు మీద హైదరాబాద్ పంపించాడు. పటాల మీద క్లాసు జరిగిన రోజు అందరి ముందూ ఏమీ మాట్లాడలేదు. అందరూ వెళ్లాక వచ్చింది. "ఆదివారాలు ఫోను రూమ్మేట్ దగ్గర పెట్టేసి వెళ్తాను మేడమ్. నాన్న చూసుకుంటే నేను హాస్టల్లోనే ఉంటాను" అంది. మెసేజులు వస్తే ఏం చేస్తారని అడిగితే, ఏం జవాబివ్వాలో స్నేహితురాలికి తెలుసుననీ, వచ్చే వారం ఆ పిల్ల ఫోను తన దగ్గర ఉంటుందనీ చెప్పింది. హాస్టల్లో ఇలా జతలు చాలానే ఉన్నాయట.